యొర్దాను ఒడ్డున బలి ఇవ్వని బలిపీఠం

యుద్ధం అయిపోయి సైనికులు ఇంటిదారి పట్టాక మొదలైన గొడవ ఇది. యెహోషువ గ్రంథం 22వ అధ్యాయంలో ఉంటుంది, చాలామంది యెరికో గోడలు కూలిన దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఇక్కడిదాకా రారు. కనాను యుద్ధాల్లో ముందుండి పోరాడిన రూబేను, గాదు, మనష్షేలో సగం, ఈ రెండున్నర గోత్రాల మగాళ్ళకి మోషే తర్వాత నాయకుడైన యెహోషువ షిలోహులో దీవెనలిచ్చి సెలవిచ్చాడు. దోపుడు సొమ్ము బాగానే ముట్టింది, పశువులు, వెండి, బంగారం, ఇత్తడి, ఇనుము, బట్టలు, అన్నీ కట్టుకుని తూర్పుకి బయల్దేరారు. యొర్దాను దగ్గరికి రాగానే ఆగి ఒక బలిపీఠం కట్టారు, అదీ మామూలుది కాదు, దూరం నుంచే చూపు పడేంత పెద్దది. ఎందుకు కడుతున్నారో ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు, కట్టేసి తమ ఊళ్ళకి వెళ్ళిపోయారు.

కబురు షిలోహుకి చేరింది. పడమటి వైపు గోత్రాలన్నీ అక్కడ కూడాయి, విచారణకి కాదు, దండెత్తి వెళ్ళడానికి. ఎవరి మీద? నిన్నటిదాకా తమ పక్కన నిలబడి కత్తి పట్టినవాళ్ళ మీద. కాలేబు అనే ముసలి యోధుడు తన వయసు చెప్పే లెక్కని బట్టి చూస్తే కనాను యుద్ధాలు సుమారు 7 ఏళ్ళు నడిచినట్టు, అన్నాళ్ళూ వీళ్ళు భార్యాబిడ్డల్ని నది అవతల వదిలేసి వచ్చినవాళ్ళు.

ఇక్కడ ఒక చిన్న మాట. తెలుగు బైబిల్లో ఈ తెగలన్నిటినీ గోత్రాలు అని రాశారు. మన దగ్గర గోత్రం అంటే పెళ్ళి సంబంధాల దగ్గర చూసుకునేది, పూజలో చెప్పుకునేది, అది వేరు. ఇశ్రాయేలు గోత్రం అంటే సొంత భూమి, సొంత పెద్దలు, సొంత సైన్యం ఉన్న గుంపు. వీటన్నిటి మీదా అప్పట్లో రాజు లేడు. అందరినీ కలిపి ఉంచేవి రెండే, ఒకే తాతకి పుట్టాం అనే మాట, షిలోహులో ఉన్న ప్రత్యక్షపు గుడారం, అంటే దేవుణ్ణి కొలిచే డేరా. కాబట్టి ఇంకో బలిపీఠం లేచింది అంటే ఆ రెండిట్లో ఒకదానికి ఎసరు వచ్చినట్టే.

అసలు ఈ రెండున్నర గోత్రాలు తూర్పున ఎందుకు ఉన్నాయి అంటే దానికి కారణం పశువులు. సంఖ్యాకాండం 32లో ఉంది ఆ కథ. రూబేనీయులకి, గాదీయులకి మందలు ఎక్కువ, యాజెరు, గిలాదు ప్రాంతం చూస్తే మేతకి బ్రహ్మాండంగా ఉంది, మాకు ఇదే చాలు, మమ్మల్ని యొర్దాను దాటించొద్దు అని మోషేని అడిగారు. మోషేకి మండింది. మీ అన్నదమ్ములు యుద్ధానికి పోతుంటే మీరిక్కడ కూర్చుంటారా అని కడిగేశాడు. చివరికి రాజీ కుదిరింది, పిల్లలకి పట్టణాలు, గొర్రెలకి దొడ్లు కట్టుకుని, మగాళ్ళు మాత్రం అందరికంటే ముందు నది దాటి, అందరి వాటాలూ తేలాకే వెనక్కి రావాలి అని. యెహోషువ 4లో నది దాటిన వీళ్ళ సైనికుల లెక్క 40,000 దాకా ఉంటుంది. ఒప్పందం అక్షరాలా నిలబెట్టుకున్నారు, ఆ విషయం యెహోషువే అందరి ముందూ చెప్పాడు. అయినా మొదట్లోనే "వీళ్ళు మాతో రావడం ఇష్టం లేనోళ్ళు" అనే ముద్ర పడిపోయింది, అలాంటి ముద్ర ఒకసారి పడిందంటే ఎన్నేళ్ళు చాకిరీ చేసినా పోదు.

బలిపీఠం అంటే అంత భయం దేనికి అనే డౌట్ రావడం సహజం. రాళ్ళ కుప్పే కదా. నిజంగానే రాళ్ళ కుప్పే, రాతితో కడితే చెక్కని రాళ్ళతోనే కట్టాలి, ఇనప పనిముట్టు తగిలితే అపవిత్రం అని నిర్గమకాండం రూల్ పెట్టింది. గుడారం ముందున్న అసలు బలిపీఠం కొలత 5 మూరల పొడుగు, 5 మూరల వెడల్పు, 3 మూరల ఎత్తు, అంటే ఒక చిన్న గదిలో పట్టేంత. కానీ గుడారం దగ్గర కాకుండా ఇంకెక్కడైనా దహనబలి ఇచ్చినవాడిని జనంలోంచి కొట్టివేయాలని లేవీయకాండం 17 చెప్తుంది, దేవుడు ఏర్పరచుకున్న ఒక్క చోటే బలులు ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 12 చెప్తుంది. ఒక ఊరు ఊరంతా వేరే దేవుళ్ళ వైపు తిరిగిందని తెలిస్తే దాన్ని కత్తితో నాశనం చేయాలని 13వ అధ్యాయంలో ఉంది, కాకపోతే అక్కడే ఇంకో మాట కూడా ఉంది, ముందు బాగా విచారించి, వెతికి, నిజమో కాదో తేల్చుకోవాలి అని. ఈ గొడవలో ఆఖరికి పనికొచ్చింది ఆ రెండో మాటే.

ఇంకో విచిత్రం, ఆ తర్వాతి కథల్లో గిద్యోను ఒఫ్రాలో బలిపీఠం కట్టాడు, సమూయేలు రామాలో కట్టాడు, ఏలీయా కర్మెలు కొండ మీద పడిపోయినదాన్ని బాగుచేశాడు, వాటిలో ఏ ఒక్కదాని కోసమూ గోత్రాలన్నీ కలిసి సైన్యాన్ని లేపలేదు. గిద్యోను మీద ఊరివాళ్ళు ఎగబడ్డారు గానీ అది బయలు అనే దేవుడి బలిపీఠాన్ని పడగొట్టినందుకు. మరి దీనికే ఇంత రచ్చ ఎందుకు? బలిపీఠం వల్ల కంటే దాని పక్కన పారుతున్న నది వల్ల అనుకోవడమే కరెక్ట్.

సైన్యం కదలకముందు ఒక డెలిగేషన్‌ని పంపారు. ఎలియాజరు యాజకుడి కొడుకు ఫీనెహాసు, అతనితో పది మంది పెద్దలు, గోత్రానికి ఒకరు. ఈ పదిలో పడమటి మనష్షే పెద్ద కూడా ఉన్నట్టే లెక్క, అంటే నది అవతల ఉన్న తన సొంత గోత్రం మీదే నేరం మోపడానికి వెళ్ళాడు, యుద్ధం గానీ వచ్చి ఉంటే మనష్షేని మనష్షే నరకాల్సి వచ్చేది. ఇక ఫీనెహాసు సంగతి. శాంతి మాట్లాడ్డానికి పంపే మనిషి కానే కాదు ఈయన. బయల్పెయోరు దగ్గర ఇశ్రాయేలీయులు మోయాబు ఆడవాళ్ళతో కలిసి వాళ్ళ దేవుళ్ళకి మొక్కినప్పుడు, ఈటె పట్టుకుని నేరుగా డేరాలోకి దూరి జిమ్రీని, కొజ్బీని ఒకే పోటుతో పొడిచి చంపినవాడు. మిద్యాను మీద యుద్ధానికి బూరలు పట్టుకుని వెళ్ళినవాడు. ఇలాంటోడు గుమ్మం ముందు నిలబడితే ఎదుటివాళ్ళకి ఆ ఈటె గుర్తు రాకుండా ఉంటుందా.

గిలాదుకి వెళ్ళి వీళ్ళు మొదటి మాటే తీర్పుతో మొదలుపెట్టారు. ఎందుకు కట్టారు అని అడగలేదు, ఏంటీ ద్రోహం అని అడిగారు. పెయోరు పాపం మనకి చాలలేదా అన్నారు, అప్పుడు తెగులు వచ్చి 24,000 మంది చచ్చారు. ఆకాను సంగతి మర్చిపోయారా అన్నారు, ఒక్కడు ముట్టొద్దన్న దోపుడు సొమ్ములోంచి ఒక మంచి వస్త్రం, 200 తులాల వెండి, ఒక బంగారు కమ్మీ దాచుకుంటే హాయి ఊరి దగ్గర 36 మంది ప్రాణాలు పోయాయి. ఈ రెండు ఉదాహరణలూ ఊరికే తీసినవి కావు. వాళ్ళ భయం ఏంటంటే, తప్పు ఒకడిది అయినా దెబ్బ అందరికీ పడుతుంది. మీరు ఈరోజు తిరగబడితే రేపు దేవుడి కోపం మా మీద పడుతుంది, అదీ పాయింట్. మతం పేరుతో జరిగే గొడవల్లో ఈ లాజిక్ మహా ప్రమాదం, ఎందుకంటే దీని ప్రకారం పక్కవాడి పూజ వాడి సొంత విషయం కాదు, నా ప్రాణానికి సంబంధించిన విషయం, కాబట్టి వాడిని ఆపడం నాకు ఆత్మరక్షణ.

ఆ తర్వాత డెలిగేషన్ ఒక ఆఫర్ పెట్టింది, ఈ అధ్యాయం మొత్తంలో ఆగి చూడాల్సింది ఇదే. మీ భూమి అపవిత్రం అనిపిస్తే, యెహోవా గుడారం ఉన్న మా వైపు వచ్చేయండి, మా మధ్య మీకూ భూమి ఇస్తాం అన్నారు. వినడానికి పెద్ద మనసు అనిపిస్తుంది, నిజంగానే పెద్ద మనసు కూడా, ఏళ్ళ తరబడి రక్తం ధారపోసి తెచ్చుకున్న పొలంలో భాగం ఇస్తామనడం చిన్న విషయం కాదు. వ్యాఖ్యానాలు రాసేవాళ్ళు ఎక్కువగా ఇక్కడ వాళ్ళని మెచ్చుకుని ముందుకి పోతారు. కానీ ఆ మాటలోనే అసలు మనసులో ఉన్నది బయటపడింది. యెహోవాది అని వాళ్ళు అన్నది ఏ భూమిని? పడమటిదాన్ని. అపవిత్రం అయి ఉండొచ్చు అన్నది తూర్పుదాన్ని. అంటే వీళ్ళ దృష్టిలో నది అవతల ఉన్నది పూర్తిగా దేవుడి నేల కాదు.

తూర్పువాళ్ళు బలిపీఠం కట్టింది సరిగ్గా ఆ ఆలోచనకి భయపడే.

వాళ్ళ జవాబు మొదలవడమే గట్టి ఒట్టుతో మొదలైంది. ఏల్, ఎలోహీం, యెహోవా, దేవుడి మూడు పేర్లనీ వరసపెట్టి ఒకసారి, మళ్ళీ ఇంకోసారి, ఆయనకి తెలుసు, ఇశ్రాయేలుకి కూడా తెలియాలి, ఇది తిరుగుబాటే అయితే మమ్మల్ని ఈరోజు బతకనివ్వొద్దు అన్నారు. గొంతు కాస్త వణికినట్టు వినిపిస్తుంది ఆ వాక్యం, హీబ్రూలో కూడా పూర్తి వాక్యంలా కాకుండా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తర్వాత విషయం చెప్పారు. ఇది దహనబలికి కాదు, నైవేద్యానికీ కాదు, ఏ బలికీ కాదు. మేం పోయాక మీ పిల్లలు మా పిల్లల్ని చూసి, ఇశ్రాయేలు దేవుడితో మీకేం సంబంధం, మనకీ మీకూ మధ్య యెహోవాయే యొర్దానుని సరిహద్దుగా పెట్టాడు, ఆయనలో మీకు పాలు లేదు అంటారేమో అని భయం. అలా అంటే చూపించడానికి, ఇదిగో యెహోవా బలిపీఠానికి నమూనా, మా తాతలు కట్టారు, మేమూ మీవాళ్ళమే అని చెప్పడానికి, సాక్ష్యంగా కట్టాం.

పాలు అనే మాట ఇక్కడ బలంగా పడుతుంది. తెలుగు పల్లెల్లో దాయాదుల్ని పాలోళ్ళు అంటారు, ఆస్తిలో పాలు ఉన్నవాళ్ళు అని అర్థం, అన్నదమ్ములైనా సరే పాలు లేదంటే ఇక చుట్టరికం మాటల్లోనే మిగుల్తుంది. హీబ్రూలో హేలెక్ అనే మాట కూడా అచ్చం అలాంటిదే, భూమిలో వాటా, దేవుడిలో వాటా, రెండిటికీ అదే మాట. ఆ తర్వాత షెబ దావీదు మీద తిరగబడ్డప్పుడూ, సొలొమోను చచ్చాక ఉత్తరపు గోత్రాలు విడిపోయినప్పుడూ వినిపించిన నినాదం అదే, దావీదులో మాకు భాగం లేదు. ఆ మాట బయటికొచ్చిన ప్రతిసారీ చీలికే. దాన్ని ఇంకొకరు తమ పిల్లలతో అనకముందే రాళ్ళతో ఆపాలని చూశారు తూర్పువాళ్ళు.

అలాగని వాళ్ళది ఏ తప్పూ లేదని కాదు. అంత పెద్ద కట్టడం ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా కట్టడం ఏంటి? షిలోహులో యెహోషువ దగ్గర సెలవు తీసుకునేటప్పుడే చెప్పి ఉండొచ్చు. బలి కోసం కాదంటూ బలిపీఠం ఆకారంలో ఎందుకు కట్టాలి, సాక్ష్యానికి ఒక నిలువు రాయి పాతితే సరిపోయేది, యాకోబు, లాబాను ఇదే గిలాదులో అలా రాళ్ళకుప్పని సాక్ష్యంగా పెట్టుకున్నారు కూడా. మరి కట్టిన చోటు? గ్రంథంలో ఒక వాక్యం చదివితే పడమటి ఒడ్డున, కనాను వైపు అన్నట్టు ఉంటుంది, తర్వాతి వాక్యం చదివితే కనానుకి ఎదురుగా అన్నట్టు ఉంటుంది, దీని మీద పండితులు ఇప్పటికీ తేలక కొట్టుకుంటూనే ఉన్నారు. పడమటి ఒడ్డునే అయితే మాత్రం అది తమ ఊళ్ళో పూజ కోసం కట్టుకున్నది కానే కాదు, ఎదుటివాళ్ళ నేల మీద పాతిన హద్దురాయి లాంటిది, మేమూ ఇక్కడివాళ్ళమే అని చెప్పే రాయి. వాళ్ళ వాదనకి ఆ చోటే బాగా నప్పుతుంది, పడమటివాళ్ళకి అంత మంట పుట్టడానికీ అదే నప్పుతుంది.

ఫీనెహాసు విన్నాడు, ఒప్పుకున్నాడు. మీరు ద్రోహం చేయలేదు, ఇశ్రాయేలీయుల్ని యెహోవా చేతిలోంచి తప్పించారు అని చెప్పి వెనక్కి వచ్చాడు, జనం సంతోషించారు, యుద్ధం మాట మానేశారు. బలిపీఠానికి ఏద, అంటే సాక్షి, అని పేరు పెట్టారు అని తెలుగు బైబిల్లో ఉంటుంది. మామూలు హీబ్రూ ప్రతుల్లో మాత్రం ఆ పేరు ఉండాల్సిన చోట పేరు లేదు, బలిపీఠానికి పేరు పెట్టారు అని రాసి ఏ పేరో చెప్పకుండానే వాక్యం ముందుకి పోతుంది. కొన్ని ప్రతుల్లో, సిరియా భాష అనువాదంలో ఉన్న మాటని బట్టి మిగతావాళ్ళు పూరించుకున్నారు.

యుద్ధం ఆగింది ఎవరి మనసో మారినందుకు కాదు, వచ్చినవాళ్ళు కోపంగా వచ్చినా ఎదుటివాళ్ళకి పూర్తిగా మాట్లాడే టైమ్ ఇచ్చారు కాబట్టి, తూర్పువాళ్ళు కూడా ఎదురు తిట్లకి పోకుండా ముందు ఒట్టేసి తర్వాత కారణం చెప్పారు కాబట్టి. ఇదే మనిషి, ఇదే ఫీనెహాసు, ఇంకో కథలో ఉన్నప్పుడు ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. న్యాయాధిపతుల గ్రంథం చివర్లో గిబియా ఊరి పోకిరీలు ఒక లేవీయుడి ఉపపత్నిని రాత్రంతా పాడుచేసి చంపేశారు. అప్పుడు కూడా గోత్రాలన్నీ కూడాయి, బెన్యామీనీయుల దగ్గరికి మనుషుల్ని పంపి ఆ దుర్మార్గుల్ని అప్పగించమన్నాయి. బెన్యామీనీయులు వినలేదు. ఒకవైపు 4,00,000 మంది, ఇంకోవైపు 26,000 మంది, గిబియావాళ్ళు ఇంకో 700. మొదటి రోజు ఇశ్రాయేలువైపు 22,000, రెండో రోజు 18,000 మంది పడ్డారు, మూడో రోజు బెన్యామీను దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, 600 మంది మాత్రం రిమ్మోను బండకి పారిపోయి 4 నెలలు అక్కడ దాక్కున్నారు. ఈ అంకెల్ని అక్షరాలా తీసుకోవాల్సిన పనిలేదు, వెయ్యి అని అర్థం వచ్చే ఎలెఫ్ అనే హీబ్రూ మాటకి దళం, కుటుంబం అనే అర్థాలు కూడా ఉన్నాయి. కానీ ఆ మూడో యుద్ధానికి ముందు మందసం అనే పవిత్రమైన పెట్టె ఎదుట నిలబడి, మళ్ళీ వెళ్ళమంటావా మానమంటావా అని దేవుణ్ణి అడిగింది ఫీనెహాసే. తర్వాత ఆ యుద్ధానికి రాలేదని యాబేష్గిలాదు ఊరి మీద పడి నరికారు, ఆ ఊరు ఎక్కడుంది అంటే యొర్దానుకి తూర్పునే.

తూర్పువాళ్ళ భయం ఎంతవరకు నిజమైంది అనే ప్రశ్నకి జవాబు అదే గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. గిలాదువాడైన యెఫ్తా అమ్మోనీయుల్ని ఓడించాక, మమ్మల్ని ఎందుకు పిలవలేదని ఎఫ్రాయిమీయులు నది దాటొచ్చి నీ ఇల్లు తగలబెడతాం అన్నారు. గిలాదువాళ్ళని ఎఫ్రాయిము నుంచి పారిపోయి వచ్చినోళ్ళు అని వెక్కిరించారు, అంటే మీకంటూ ఒక పాలు లేదు అన్నట్టే. యుద్ధం జరిగింది, ఎఫ్రాయిమీయులు ఓడిపోయారు, ఇంటికి పోవాలంటే యొర్దాను రేవులు దాటాలి, ఆ రేవుల్ని గిలాదువాళ్ళు ముందే పట్టుకుని కూర్చున్నారు. దాటడానికి వచ్చిన ప్రతివాడినీ షిబ్బోలెతు అనమన్నారు. ఎఫ్రాయిము యాసలో షి పలకదు, సిబ్బోలెతు అన్నాడు అంతే, అక్కడికక్కడే చంపారు. 42,000 మంది అని లెక్క. ఏ నదిని సరిహద్దు చేయొద్దని బలిపీఠం కట్టారో ఆ నదే సరిహద్దు అయింది, అదీ తూర్పువాళ్ళ చేతులతోనే. ఆ టైమ్‌కి సాక్షి బలిపీఠం ఏమైందో గ్రంథం ఒక్క మాట కూడా ఎత్తదు.

ఇదంతా జరిగిందా, ఎప్పుడు రాశారు అనేదానికి వస్తే, అధ్యాయంలో సమాజం, ప్రధానులు, ద్రోహం లాంటి మాటలకి వాడిన హీబ్రూ పదాలు యాజకుల రాతల్లో కనపడే పదాలు, అందుకే ఇప్పుడున్న రూపంలో ఇది బబులోను చెర, అంటే యూదుల్ని బబులోనుకి బందీలుగా పట్టుకుపోయిన కాలం, తర్వాత యాజకుల చేతుల్లో తయారైందని చాలామంది పండితుల అభిప్రాయం, లోపల పాత కథ ఏదో ఉండొచ్చు అంటారు కొందరు. చెర తర్వాత అయితే ఈ ప్రశ్న పచ్చిగా ఉంది, యెరూషలేముకి దూరంగా బతుకుతున్న మనవాళ్ళు మనవాళ్ళేనా, వాళ్ళు అక్కడ గుడి కట్టుకోవచ్చా? ఈజిప్టులో ఎలిఫెంటైన్ ద్వీపంలో ఉన్న యూదులకి యెహోవా గుడి ఉండేది, క్రీ.పూ. 410లో దాన్ని కూల్చేశారు. తిరిగి కట్టుకోవడానికి సాయం చేయమని క్రీ.పూ. 407లో యూదయ గవర్నరుకి ఉత్తరం రాశారు, ఆ పపైరస్ దొరికింది. అంతకుముందు యెరూషలేము ప్రధాన యాజకుడికి రాస్తే జవాబే రాలేదని అందులో వాపోయారు కూడా. చివరికి వచ్చిన అనుమతిలో నైవేద్యం, ధూపం అని ఉంది, దహనబలి అనే మాట లేదు. బలిపీఠం ఉండొచ్చు, దాని మీద పశువు కాలకూడదు. యొర్దాను ఒడ్డున కుదిరిన రాజీకి ఇది మరీ దూరంగా ఏం లేదు.

తూర్పు గోత్రాల గురించి బైబిల్ బయట దొరికిన సాక్ష్యం ఒక శత్రువు రాయించిన రాయి. 1868లో ఇప్పటి జోర్డాన్ దేశంలోని ధీబాన్‌లో దొరికింది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో మోయాబు రాజు మేషా తన గెలుపులు చెక్కించుకున్నాడు. గాదు మనుషులు అతారోతులో ఎప్పటినుంచో ఉన్నారు అని ఒకచోట రాసి, ఇశ్రాయేలు రాజు వాళ్ళకి అతారోతు కట్టించాడు అని వేరేగా రాశాడు, గాదు మనుషులు ఒక లెక్క, ఇశ్రాయేలు రాజు ఇంకో లెక్క అన్నట్టు ఉంటుంది చదివితే. తర్వాత నెబో ఊరి సంగతి, సంఖ్యాకాండం ప్రకారం ఇది రూబేనీయులు కట్టుకున్న ఊరు. రాత్రిపూట వెళ్ళి తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా పోరాడి, 7,000 మందిని చంపి, అక్కడున్న యెహోవా వస్తువుల్ని తన దేవుడు కెమోషు ముందుకి ఈడ్చుకొచ్చాను అన్నాడు. రాయి అక్కడ కొంచెం దెబ్బతింది, ఆ వస్తువులేంటో సరిగ్గా తెలీదు. యెహోవా పేరు మాత్రం నాలుగు అక్షరాలూ స్పష్టంగా ఉన్నాయి.